పానగల్ రోడ్డు ఇంటికి మేనేజర్

ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ తీసేసిన రోజు ఊళ్లో ఆడవాళ్లంతా సంతోషపడ్డారు. మా ఇంట్లో మాత్రం నాకంటే మా ఆయన ఎక్కువ సంతోషపడ్డాడు. నా మీద ప్రేమతో కాదు. నల్లగొండలో పానగల్ రోడ్డు మీద మాకు నాలుగు పోర్షన్ల ఇల్లు ఒకటి ఉంది, నాలుగూ కిరాయికే ఇచ్చాం. అక్కడ నల్లా కారినా, మోటరు కాలినా, పైవాళ్లు కిందివాళ్లతో తగువు పడ్డా ఇక మీదట తను కేతేపల్లి నుంచి పరుగెత్తాల్సిన పని లేదని ఆ సాయంత్రమే ఆయన బుర్రకు తట్టింది.

"నాకైతే టికెట్ కొనాలె. నీకు ఆధార్ కార్డు సూపిస్తే అయిపాయె. ఉత్తగ పైసలు ఎందుకు ఖరాబు జేసుడు?" అన్నాడు, పెద్ద లెక్కల మాస్టారులా.

"అంటే గవర్నమెంటు నన్ను నీ ఇంటికి నౌకరి పెట్టిందా?" అన్నాను.

"నా ఇల్లెక్కడిది? కాగితాలల్ల నీ పేరే ఉన్నది గద సిస్టరమ్మా!"

సర్వీసంతా నల్లగొండ సర్కారు దవాఖానలో నర్సుగా చేశాను. రోగులు నన్ను సిస్టరమ్మా అని పిలిచేవారు. మా ఆయన నాతో ఏదైనా పని చేయించుకోవాలంటేనే ఆ పిలుపు వాడతాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే చెప్పులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటాను, ఎటో పంపబోతున్నాడని.

ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేశాడు. ఇద్దరం రిటైరయ్యాక సొంతూరు కేతేపల్లికి వచ్చి, మూసీ కాలువ కింద కొనుక్కున్న కొద్దిపాటి పొలం చూసుకుంటున్నాం. నల్లగొండ ఇల్లు ఒక్కసారి కట్టింది కాదు. ఒక లోను తీరాక ఇంకో లోను పెట్టి, మెట్టు మెట్టుగా లేపింది. కింది పోర్షన్లు నా జీతమని నేను, పైవి తన జీతమని ఆయన ఇప్పటికీ వాదించుకుంటాం. ఏదైనా పాడైతే మాత్రం మొత్తం ఇల్లు నాదే.

బస్సు ఫ్రీ అయ్యింది కదా, సీటు కూడా వస్తుందనుకోవద్దు. కేతేపల్లిలో ఎక్కితే నకిరేకల్ దాకా నిలబడాలి. అక్కడ దిగి నల్లగొండ బస్సు ఎక్కితే అందులోనూ నిలబడాలి. నా మోకాళ్లు వార్డుల్లో తిరిగి తిరిగి ఎప్పుడో అరిగిపోయాయి. అంత కష్టపడి పోతే అక్కడ ఏముంటుంది? ఒకసారి నీళ్లు రావట్లేదని ఫోను. పోయి చూస్తే మోటరు స్విచ్చి వేయలేదు. ఇంకోసారి బతుకమ్మ పూలన్నీ బాత్రూం తూములో పోసి, నీళ్లెందుకు పోవట్లేదు మేడం అని నన్నే అడిగారు. మరోసారి పై పోర్షన్‌లో ఉండే కాలేజీ సారు పొద్దున్నే ఫోన్ చేసి, వంటింట్లోకి బల్లి వచ్చింది మేడం అన్నాడు.

"బల్లికి నేనొచ్చి సూది ఇయ్యాల్నా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఏదో ఒకటి చెయ్యండి మేడం, మా ఆవిడ వంట చేయనంటోంది" అన్నాడు.

మా ఆయన నల్లగొండ పోయివచ్చిన రోజుల్లో జరిగింది ఇంతకంటే ఘోరం. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, కరెంటు వైర్లకు చుట్టే టేపు. పైపు పగిలితే టేపు. కిటికీ రెక్క ఊడితే టేపు. పైన నీళ్ల ట్యాంకుకు ఆయన చుట్టిన టేపు చూస్తే, ప్రమాదంలో దెబ్బలు తిని దవాఖానకు వచ్చిన రోగి గుర్తొచ్చేవాడు. కట్టు లావవుతూ ఉండేది, కారేది కారుతూనే ఉండేది. పైగా పోయినప్పుడల్లా ఏదో ఒక పోర్షన్‌లో అన్నం తిని, ఇంకో పోర్షన్‌లో చాయ్ తాగి, ఎందుకు పోయాడో మరిచిపోయి తిరిగొచ్చేవాడు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బిడ్డకు ఒకరోజు ఫోన్లో ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. "మేనేజర్ను పెట్టుకోరాదమ్మా. గీడ అందరు పెట్టుకుంటున్నరు. కిరాయిల జర వాటా తీస్కుంటరు, రిపేర్లు, కొత్తోళ్లను పెట్టుడు, పాతోళ్లను ఖాళీ చేయించుడు అన్ని వాళ్లే జూస్కుంటరు. నువ్వు ఊకె బస్సులల్ల నిలవడి సస్తవా?" అంది.

నాకు ఆ మాట బెల్లం ముక్కలా తగిలింది. ఆయనకు మాత్రం మిరపకాయ కొరికినట్టయింది. రోజుకో వంక చెప్పాడు. మేనేజర్లు మోసం చేస్తారన్నాడు. అద్దెకున్నవాళ్లు బాధపడతారన్నాడు. మన ఇంటికి మనం చుట్టాలమైపోతామన్నాడు. నేను అన్నిటికీ జవాబు చెప్తూ వచ్చాను. నాతో వాదించి గెలిచినవాళ్లు దవాఖానలో పెద్ద డాక్టర్లలోనే లేరు, ఈయనెంత?

చివరికి ఒకరోజు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, అసలు మాట బయటపెట్టాడు.

"పెట్టుకో. ఒద్దంటలే. గని ఒకటే షరతు. మన గేటు కాడ నిలవడ్డోళ్లను ఏమిటోళ్లని అడగొద్దు. గది దప్పితే నీ మేనేజర్ ఇంక ఏం జేసుకున్నా నాకు ఫికర్ లేదు."

నేను తువ్వాల తెచ్చి అందించాను.

ఏమిటోళ్లు అంటే ఏం కులం అని. మా తాతలు ఊరి చివర గుడిసెల్లో ఉండి, ఇంకొకరి పొలాల్లో జీతాలు చేసినవాళ్లు. మా అవ్వల కాలం నుంచి ఆదివారం చర్చికి పోతాం. నాకు నల్లగొండలో పోస్టింగ్ వచ్చినప్పుడు పెళ్లయి కొన్ని నెలలే అయింది. ఇద్దరం ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. పోయిన ప్రతిచోటా మర్యాదగానే కూర్చోబెట్టేవారు. ఒకామె మజ్జిగ కూడా ఇచ్చింది. నర్సమ్మ అయితే ఇంకా మంచిది, రాత్రి వేళ జ్వరమొస్తే ఇంట్లోనే మనిషి ఉంటుంది అని మురిసిపోయింది. ఆ తర్వాత ఆ ప్రశ్న అడిగింది. మేం చెప్పాం. అప్పుడు ఆమెకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది, హాలియా నుంచి వాళ్ల మరిది వచ్చి ఆ ఇంట్లోనే ఉండబోతున్నాడని. పక్క వీధిలో ఇంకో ఇల్లు. అక్కడా ఒక మరిది. దాని వెనక ఇంకో ఇల్లు, ఇంకో మరిది. ఆ ఎండాకాలంలో నల్లగొండకు ఎన్ని ఊళ్ల నుంచి ఎంతమంది మరుదులు బయల్దేరారో, వాళ్లంతా చివరికి ఎక్కడ ఉన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మేం మాత్రం దవాఖాన వెనక, రేకుల గదిలో, మా చర్చి పెద్దమనిషి ఒకాయన దయతో తలదాచుకున్నాం.

తరవాత మేం ఇల్లు కట్టాక, మొదటి కుటుంబం కిరాయికి అడగడానికి వచ్చినప్పుడు, నా నోటికి అలవాటుగా ఆ ప్రశ్నే రాబోయింది. ఇల్లు అడగడానికి వస్తే అడిగే మొదటి మాట అదే అని మాకు తెలిసింది కదా. మా ఆయన నా చెయ్యి నొక్కి, వాళ్లను నీళ్లు తాగుతారా అని అడిగాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవరెవరు ఉండి వెళ్లారో, వాళ్లేమిటోళ్లో మాకు తెలియదు. తెలిసినా అది వాళ్లంతట వాళ్లు చెప్పుకున్నదే. ఊరంతా ఆయనను చాదస్తపు మనిషి అంటుంది గానీ ఈ ఒక్క విషయంలో ఆయన చాదస్తం నాకు గర్వం.

అయినా సరే, ఆయన షరతు పెట్టినప్పుడు నాకు కొంచెం విసుగే అనిపించింది. "గా కాలం పోయిందయ్యా. ఇప్పుడెవరు అడుగుతున్నరు? రాష్ట్రమే కొత్తగయింది" అన్నాను.

"పోతే మంచిదే" అని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

నేను కుదుర్చుకున్న మేనేజర్‌కు నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీద చిన్న ఆఫీసు ఉంది. నలభై ఏళ్ల లోపు మనిషి. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, మాటకు ముందొక మేడం, వెనకొక మేడం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా మోకాళ్లు చూసి, కూలర్ నా వైపు తిప్పాడు. అక్కడే సగం పడిపోయాను. మా ఆయన కాపురమంతటిలో ఏ గాలినీ నా వైపు తిప్పలేదు.

మా షరతు చెప్పాను. "వచ్చినోళ్లను ఏమిటోళ్లని అడగొద్దు. మా ఇంట్ల గసొంటిది లేదు."

"అయ్యో, గదేం మాట మేడం! గా రోజులు పోయినయి. నేను ఒక్కల్ని గూడ అడగ" అన్నాడు.

నేను అన్న మాటే ఆయన నోట వినేసరికి ఎంత హాయి అనిపించిందో! ఇంటికొచ్చి మా ఆయనకు గెలిచినట్టే చెప్పాను. ముందు రెండు నెలలు చూద్దాం, నచ్చితే ఆ తర్వాత ఏడాదికి కాగితం రాసుకుందాం అనుకున్నాం. ఒకసారి వచ్చి ఆ మనిషిని చూడమంటే ఆయన రానన్నాడు. "నీ మేనేజర్. నువ్వే జూస్కో. నాకు టికెట్ దండగ."

ఆ రెండు నెలలంత సుఖం నా బతుకులో ఎప్పుడూ చూడలేదని చెప్తే ఎవరూ నమ్మరు. ఫోన్ మోగలేదు. మోగినా అది మేనేజరే. "తూము సాఫ్ చేయించిన మేడం", "మోటరు బాగైంది మేడం". మా ఆయన అన్నేళ్లు కట్లు కట్టిన ట్యాంకును ఆ మనిషి ఒక్క మేస్త్రీని తెచ్చి ఒక్క పూటలో బాగు చేయించాడు. బల్లి సంగతి కూడా ఏదో చేశాడు, ఏం చేశాడో నేను అడగలేదు. మధ్యాహ్నాలు పడుకున్నాను. చర్చిలో కూర్చుంటే వాక్యం మీద మనసు నిలిచింది. మొదట్లో కొన్నాళ్లు ఏం చేయాలో తోచక, ఫోన్ పట్టుకుని ఊరికే చూస్తుంటే మా ఆయన పక్కింటివాళ్లకు వినపడేట్టు, "పాపం, సిస్టరమ్మకు డ్యూటీ లేదు. జర ఎవలన్న జ్వరం తెచ్చుకోండ్రి" అని ఆటపట్టించాడు.

ఇంతలో పైన కాలేజీ సారుకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం దొరికి ఇల్లు ఖాళీ చేశాడు. మేనేజర్ గేటుకు టు-లెట్ బోర్డు కట్టాడు. నెల కావస్తున్నా ఎవరూ రాలేదు. అడిగితే, "వస్తున్నరు మేడం, మంచోళ్ల కోసం జూస్తున్న. తొందరపడి ఎవల్నంటే వాళ్లను పెట్టొద్దు గద" అన్నాడు. ఎంత బాధ్యత గల మనిషో అనుకున్నాను.

మా ఆయన మాత్రం అన్నం కలుపుకుంటూ చేయి ఆపాడు. "నల్లగొండల ఇండ్లు దొరుకుత లేవని జనం తిరుగుతున్నరు. మనది నీళ్లున్న ఇల్లు. గట్ల ఖాళీగ ఎట్లుంటది?"

"మంచోళ్ల కోసం జూస్తున్నడట."

"మంచోళ్లంటే ఎట్లుంటరు?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా అన్నం తినేశాడు.

మర్నాడు పొద్దున్నే పొలానికి మందు బస్తా తేవాలి, నకిరేకల్ పోతున్నానని బయల్దేరాడు. పొలానికి పోయే పంచె, పాత చొక్కా, భుజాన తువ్వాల, కాళ్లకు రబ్బరు చెప్పులు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు చేతిలో బస్తా లేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఏదో కొంటె పని చేశాడని చూడగానే తెలిసిపోయింది.

"ఎక్కడికి పోయినవు?"

"నల్లగొండకు. టికెట్ కొనుక్కొనే పోయిన" అని, అదేదో ఘనకార్యం అయినట్టు టికెట్ తీసి చూపించాడు. "మన ఇల్లు కిరాయికి జూసొచ్చిన."

పీట వేసుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నిలబడి, బోర్డు మీది నంబరుకు ఫోన్ చేశాడట. మేనేజర్ కాసేపట్లో బండి మీద వచ్చాడు. ఎన్నడూ చూడని మనిషి కదా, ఈయనెవరో ఇల్లు అడగడానికి వచ్చిన ముసలాయన అనుకున్నాడు. కింది పోర్షన్‌లో ఉండే పెద్దామె అప్పుడే అరుగు మీద కూర్చుని చుక్కకూర తెంపుతోంది. ఆమె "సార్" అనబోతే ఈయన మూతి మీద వేలు పెట్టాడట. ఆమె నవ్వు ఆపుకోలేక కూర పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

"మెట్లెక్కిచ్చిండు. అన్ని రూములు సూపిచ్చిండు. వంటింట్ల షెల్ఫు జూపించి, గిసొంటి పని ఇప్పుడెవరు చేస్తరు పెద్దాయనా అన్నడు. నేనే దగ్గరుండి పెట్టించిన షెల్ఫు! నాకైతే ఆడనే దండం పెట్టాలనిపించింది."

"మల్ల?"

"ఓనర్లు ఎట్లాంటోళ్లు అని అడిగిన. మేడం మస్తు మంచిది, రిటైరయిన సిస్టర్ అన్నడు. మరి ఆయన అన్న. ఆయన జర చాదస్తమట, గని ఇటు దిక్కు రాడు, మీకేం పరేషాన్ ఉండదు అన్నడు." ఇక్కడ ఆగి నా వైపు చూశాడు. "గా ముచ్చట ఆయనకు ఎవలు జెప్పిండ్రో?"

నేను పైట సర్దుకున్నాను. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడమే మంచిది.

"ఇల్లు నచ్చింది అన్న. ఏ ఊరు అని అడిగిండు. కేతేపల్లి అన్న. కేతేపల్లిల ఇల్లు ఎక్కడొస్తది, బొడ్రాయి కాడనా అన్నడు."

బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన రాయి. దాని చుట్టూ ఎవరుంటారో, దానికి దూరంగా ఏ దిక్కున ఎవరుంటారో మా వైపు పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. కింద పెట్టాను.

"బొడ్రాయికి జర దూరం అన్న. ఏ దిక్కు అన్నడు. ఉన్న దిక్కే జెప్పిన. ఆదివారాలు ఇంట్లనే ఉంటరా, ఎటన్న పోతరా అన్నడు. చర్చికి పోతం అన్న. గంతే. చేతుల ఉన్న తాళంచెవి జేబుల ఏసుకున్నడు. అయ్యో పెద్దాయనా, ఇప్పుడే యాదికొచ్చింది, గీ ఇల్లు ఇచ్చుడు అయిపోయింది అన్నడు. ఎవలకు అన్న. ఓనర్ మేడం వాళ్ల మరిది వస్తుండట అన్నడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు తన్నుకొచ్చింది. నా మరిది అంటే ఈయన తమ్ముడు. ఈయనకు తమ్ముడే లేడు. ముగ్గురు అక్కల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క కొడుకు.

"నాకు తమ్ముడున్నడని నాకే తెల్వకపాయె!" అన్నాడాయన. "ఏ ఊర్ల ఉన్నడో, ఏం జేస్తడో, మంచిగున్నడో లేడో అడుగుదామనుకున్న."

ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం. కళ్ల నుంచి నీళ్లు కారేదాకా నవ్వాం. నవ్వి నవ్వి నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, ఆయన నవ్వు నాకంటే ముందే ఆగిపోయి ఉండటం చూశాను. కాలి వేళ్ల సందుల్లో మట్టి తీసుకుంటూ కూర్చున్నాడు.

"బస్సెక్కినంక గూడ నవ్వుకుంటనే వచ్చిన. నకిరేకల్ దాటినంక నవ్వు రాలే" అన్నాడు. కొంచెం ఆగి, "కిందామె కిటికీల నుంచి విన్నది. నన్ను జూసి తల లోపలికి గుంజుకున్నది. నాకు గదే సిగ్గయింది" అన్నాడు.

ఇన్నేళ్లలో ఈ మనిషి నోట సిగ్గు అన్న మాట నేను వినలేదు. కోపం వచ్చింది నాకు. మేనేజర్ మీద వచ్చింది, కూలర్ తిప్పితే పడిపోయిన నా మీద వచ్చింది. సొంత ఇంట్లో, తన చెమటతో లేపిన గోడల మధ్య నిలబడి ఈ మనిషి సిగ్గుపడటం ఏమిటి?

తెల్లారి మొదటి బస్సుకే పోయాను. ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. మేనేజర్ వచ్చి కంగారుపడి, తాళం తీసి, చాయ్ చెప్పి, కూలర్ నా వైపు తిప్పాడు. నేనేమీ అనకముందే తనే మొదలుపెట్టాడు.

"పై పోర్షన్ గురించే గద మేడం? ఫికర్ చెయ్యకుండ్రి. నిన్న గూడ ఒక పెద్దాయన వచ్చిండు. పంపించేసిన."

"ఎందుకు? ఏం ఖరాబున్నది ఆయనల?"

"మనిషి మంచోడే మేడం. మాట గూడ మంచిగున్నది. గని..." అని గొంతు తగ్గించి, మనలో మనం అన్నట్టు నవ్వాడు. "మీకు తెల్వదా మేడం."

"నాకు తెల్సు" అన్నాను. "నీకంటే ఎక్కువ తెల్సు. గా పెద్దాయన మా ఆయన. నువ్వు సూపించిన షెల్ఫు ఆయన పెట్టించిందే. నాకు మరిది లేడు."

ఆ మనిషి ముఖం చూస్తే జాలేసింది, అది కూడా చెప్పాలి. కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "తప్పయింది మేడం. మీరని తెల్వదు. నేను కులం అడగలే మేడం, ఒట్టు, ఊరే అడిగిన. చుట్టుపక్కలోళ్లు ఏమన్న అంటరని, మీ మంచికే... మీ అసొంటోళ్లకైతే నేను ఇయ్యనా మేడం? ఇల్లుగల్లోళ్లు, నౌకరి చేసినోళ్లు..."

అప్పుడు తట్టింది నాకు. ఈ రెండు నెలల్లో నన్ను ఆయన ఒక్కసారి కూడా మా ఇల్లు ఊళ్లో ఏ దిక్కున అని అడగలేదు. ఇల్లు ఉన్నవాళ్లను ఎవరూ అడగరు. లేనివాళ్లనే అడుగుతారు. అరవాలని పోయినదాన్ని అరవలేకపోయాను. తాళంచెవులు ఇమ్మన్నాను. ఇచ్చాడు. కాగితం రాసుకునేది లేదన్నాను. చాయ్ వచ్చింది, తాగలేదు. అదొక్కటే నేను చేసిన పెద్ద పోరాటం.

ఒక్క మాట మాత్రం దాచను. ఆ మనిషి పని మంచిగా చేశాడు. ఆయన బాగు చేయించిన ట్యాంకు ఇప్పటికీ చుక్క కారదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను: "కొత్త మేనేజర్ను పెట్టిన. జీతం లేదు. టేపు ముట్టద్దు. కిరాయిదార్ల ఇండ్లల్ల అన్నం తినొద్దు. టికెట్ కొనుక్కొని పోవాలె."

"ఎవలు?" అన్నాడు. నేను చూసిన చూపుకు అర్థమయింది. "చాయ్ అన్న తాగొచ్చునా?" అని బేరం పెట్టాడు.

మొదటిసారి డ్యూటీకి పోయేటప్పుడు నేనూ వెంట పోయాను, ఒక్కడినే పంపితే టేపు కొంటాడని. బస్సులో ఆడవాళ్ల సీట్లో హాయిగా కూర్చున్నాడు. ఎవరో పిల్ల లేపింది. నల్లగొండ దాకా నిలబడి, నా వైపు చూస్తూ మోకాళ్లు రుద్దుకున్నాడు. నాకు చాలా బాగుంది.

పోర్షన్ ఊడ్చి, కిటికీలు తెరిచి కూర్చున్నాం. పొద్దెక్కాక ఒక జంట వచ్చింది. అబ్బాయి ఏదో షోరూంలో పని చేస్తాడట, అమ్మాయి ప్రైవేటు దవాఖానలో నర్సు. కొత్తగా పెళ్లయినట్టుంది, పసుపు ఇంకా పోలేదు. అబ్బాయి గదులు చూస్తున్నాడు. అమ్మాయి ఏమీ చూడట్లేదు. నా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"మేడం, మేము మస్తు శుభ్రంగ ఉంటం. నీసు వండుకోము. మా దిక్కెల్లి చుట్టాలు గూడ ఎక్కువ రారు. ఊర్ల మా ఇల్లు బొడ్రాయి కాడనే మేడం. ఆదివారం ఎటూ పోము. ఇంట్లనే ఉంటం."

మేం ఏమీ అడగలేదు. నీళ్లు తాగుతావా అని కూడా ఇంకా అడగలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మేము పోతం బిడ్డా, ఆదివారం" అన్నాడు. "మీరు ఎటు పోయినా, పోయేటప్పుడు కింద గేటుకు గొల్లెం పెట్టి పోండ్రి. కుక్కలు జొరవడ్తున్నయి."

ఆ పిల్ల తాళంచెవి వైపు చూసింది. తర్వాత మా ఆయన వైపు చూసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.